లింగంపేట పొలాల్లో మగ ఎలుకలు ఏమయ్యాయి?

"మేడం, ఎండలు ముదిరినకాంచి మా పొలాలల్ల మగ ఎలుకలే దొరుకుతలేవు" అని స్వరూప ఫోన్ చేస్తే నాకు నవ్వొచ్చింది. ఆమె గొంతులో మాత్రం నవ్వు లేదు. స్వరూప ఒకప్పుడు నా దగ్గర జంతుశాస్త్రం చదువుకుంది. ఇప్పుడు లింగంపేట పక్క పల్లెలో అత్తగారింట్లో ఉంటూ, పొలం ఎలుకల పునరుత్పత్తి అవయవాలు కాలాన్ని బట్టి ఎలా మారతాయో పరిశోధన చేస్తోంది. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఈ ఎండాకాలంతో పరిశోధన ముగియకపోతే, జూన్‌లో ఏదైనా ప్రైవేటు బడిలో టీచరుగా చేరాలని ఇంట్లో మాటైపోయిందట. "ఒక్కసారి వచ్చి సూడుండ్రి" అంది. ఎలుకల కోసం ప్రయాణం కట్టే పిచ్చి నాకు కొత్త కాదు.

కాచిగూడలో పొద్దున్నే రైలెక్కి, ఎండ చురుక్కుమనే వేళకు కామారెడ్డిలో దిగాను. అక్కడి నుంచి ఎల్లారెడ్డి బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులుండవు. కిటికీ పక్క సీటు, వేడి గాలి, కోత అయిపోయి పసుపు పచ్చగా మెరిసే మడులు. కళ్ళు మూతలు పడుతుంటే, ఆ మడుల కింద బొరియల్లో లక్షల ఏళ్ళుగా సాగుతున్న కథ కలలా కదిలింది. ఆడది అనేక మగవాటితో జతకట్టే జాతుల్లో మగవాటి వృషణాలు ఒంటికి మించి పెద్దవయ్యాయి. జంటగా బతికే జాతుల్లో చిన్నవిగానే ఉండిపోయాయి. జతకట్టడంతో పోటీ అయిపోదు, ఆడదాని కడుపులో కూడా సాగుతుంది. చాలా ఎలుకల వీర్యకణానికి తల దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది, దాంతో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా ముందుకు ఈదుతాయంటారు. మరి ఆడది ఊరుకుందా? దాని లోపలి దారులూ మారుతూ వచ్చాయి. ఒకరు ఎత్తు వేస్తే ఇంకొకరు పైఎత్తు, అచ్చం ఆలుమగల జగడమే. ఈ జగడం ఎక్కడ ముగుస్తుందో చూసేలోగా నిద్ర పట్టేసింది.

"ఓ అమ్మా, లేవరాదు! లింగంపేట ఎన్నడో పాయె, ఇది ఎల్లారెడ్డి" అని కండక్టర్ తట్టి లేపాడు. టీ తాగి, వెనక్కి ఆటో మాట్లాడుకున్నాను. ఎలుకలు పట్టే స్వరూప ఇల్లు తెలుసా అంటే డ్రైవర్ పకపకా నవ్వాడు. "ఎలుకల మేడమా? ఎరుక లేనిదెవలికి! రెండు వందలియ్యి అక్కా, ఇంటి ముంగట్నే దించుత."

ఇంటి అరుగు మీద స్వరూప అత్తగారు రాజవ్వ బీడీలు చుడుతోంది. వేపచెట్టు నీడలో, తడి గోనెసంచి కింద, ఆ పొద్దున దొరికిన ఎలుకల బోనులున్నాయి. నేను మామిడికాయ పప్పుతో అన్నం తింటుంటే రాజవ్వ వేళ్ళు ఆపకుండానే అంది: "మా ఊరి మొగోళ్లంత దుబాయి, మస్కట్ పోయిరి. ఎలుకలేం తక్కువ తిన్నయా? గవి గూడ పాస్‌పోర్టులు జేయించుకున్నయి." నేను నవ్వాను. స్వరూప నవ్వలేదు. "నేను గట్లనే రాసిన మేడం. ఎండకాలం మగవి వలసపోతయని అధ్యాయమే రాసిన" అంది.

చేతితొడుగులు వేసుకుని ఒక ఎలుకను తీశాను. పొట్ట కింది మెత్తటి బొచ్చు మీద ఊది చూస్తే మగ ఆనవాలు కనిపించలేదు. కానీ మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. ఆడవాటిలో అంత ఉండదు. దాన్ని తల పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని, పొట్టను వేలితో కిందికి నిమిరాను. కాసేపటికి చర్మం కింద రెండు చిన్న ఉబ్బులు మెల్లగా కిందికి జారాయి.

"ఓయమ్మో, మొగదే!" అంది రాజవ్వ. "సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టాయె గదనే!"

జతకట్టే కాలం పోగానే వీటి వృషణాలు కుంచించుకుని కడుపులోకి వెళ్ళిపోతాయి. వానాకాలంలో కొట్టొచ్చినట్టు కనిపించిన ఆనవాలు ఇప్పుడు లేకపోయేసరికి స్వరూప అన్నిటినీ ఆడవని రాసుకుంది. మగవాళ్ళు ఊరు విడిచిపోవడం ఇక్కడ అంత మామూలు కాబట్టి, మగ ఎలుకలూ పోయాయంటే ఆమెకు అనుమానమే రాలేదు.

స్వరూప నేల మీద కూలబడింది. "అయితె అంత పాయె మేడం. ఇగ జూన్ల బడికి వోవుడే" అని ఏడ్చేసింది. మంచి సంగతి చెప్పానో, కొంప ముంచానో తెలియలేదు.

రాజవ్వ బీడీల చేట పక్కన పెట్టింది. "వానలు వడ్డంక గివి మల్ల దిగుతయా?" అని నన్నడిగింది.

"దిగుతాయమ్మా."

కోడలి వైపు తిరిగింది. "మరి దిగంగ సూసి రాయాలె గదా బిడ్డా. నా కొడుకు ఫోన్ జేస్తె నాకియ్యి. బడి ముచ్చట దసరా ఎనుక సూద్దమని నేను జెప్త."

సాయంత్రం ఎలుకలను పట్టిన చోటే వదిలాం. ఈసారి ఒక్కోదాన్నీ నిలువుగా పట్టుకుని చూశాకే స్వరూప ఆడదో మగదో పైకి చెప్పింది. గట్టు మీద ఎండ ఎర్రబడింది. ఎలుకలు ఒక్కొక్కటే బొరియల్లోకి జారిపోయాయి. ఒక చిన్న జీవి తన మగతనాన్ని అవసరమైనప్పుడు బయటపెట్టి, లేనప్పుడు కడుపులో దాచుకోవడం ఎన్ని తరాల్లో నేర్చుకుందో! అక్కడ నిలబడి ఆలోచిస్తే కాలం నెమ్మదించినట్టు అనిపించింది. నాకు ఇంటికి రాబుద్ధి కాలేదు.

మీరు వెళ్ళాలనుకుంటే వానలు పడ్డాక వెళ్ళండి. బోనులు తెల్లవారకముందే చూడాలి కాబట్టి ముందురోజే ఎల్లారెడ్డి చేరుకోండి. చేతితొడుగులు మీవే తీసుకెళ్ళండి, ఎలుకల మూత్రంతో జ్వరాలొస్తాయి. స్వరూప దగ్గర అదనంగా ఉన్న ఒక్క జత రాజవ్వ వేసుకుంటోంది.