లైన్ మీద మనిషి

నాకు కోపం ఎక్కువ. కురవి వీరభద్రుడి గుళ్లో పేరు పెట్టించినందుకే ఇట్లా తయారయ్యానని మా బాపు ఎగతాళి చేసేవాడు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఉద్యోగం వచ్చినప్పుడు కూడా, "కరెంటుకు తోడు నువ్వా" అని నవ్వాడు. జనగామలో కొన్నేళ్లు చేశాక భూపాలపల్లి జిల్లాకు బదిలీ చేశారు. జనగామలో జనం ఫోన్‌లో తిట్టేవాళ్లు. ఇక్కడ నేరుగా గేటు దగ్గరికే వచ్చి తిట్టేవాళ్లు.

మా పని చెప్పుకోవడానికి చిన్నదే. పెద్ద టవర్ల మీద వచ్చే కరెంటును తగ్గించి చిట్యాల వైపు పల్లెలకు పంపాలి. తీగ తెగినా, దాన్ని పట్టి ఉంచే క్లాంపు కాలినా లైన్‌మన్ ఫోన్ చేసి ఎల్.సి. అడుగుతాడు. అంటే, నేను ఎక్కుతున్నా, లైన్ ఆపు అని. లోపల స్విచ్ ఆపి, యార్డులో లైన్‌ను విడదీసే హాండిల్ తిప్పి, దానికి తాళం వేసి, ఇక ఎక్కమని చెప్తాను. ఆ మనిషి దిగి, తన నోటితో తనే "ఎల్.సి. రిటర్న్" అనేదాకా ఆ లైన్‌కు కరెంటు ఇవ్వకూడదు. మంత్రి చెప్పినా ఇవ్వకూడదు.

ఈ మంచి మాటను మావాళ్లే చెడగొట్టారు. లోడ్ ఎక్కువైనప్పుడు ఫలానా ఫీడర్, అంటే కొన్ని ఊళ్లకు పోయే లైన్, ఆపండని పైనుంచి ఫోన్ వచ్చేది. జనానికి కోత అని చెప్పొద్దు, లైన్ మీద మనిషి ఉన్నాడని చెప్పండి, ఎవరూ గొడవ చేయరు అని కూడా చెప్పేవాళ్లు. మిగతా షిఫ్టుల వాళ్లు హాయిగా అదే చెప్పేవాళ్లు. నేను ఒక్కరోజూ చెప్పలేదు. కోత అనేదాన్ని, కావాలంటే మా సారును అడగమని ఆయన నంబర్ కూడా ఇచ్చేదాన్ని. దానికి నాకు పడ్డ చీవాట్లు అన్నీ ఇన్నీ కావు.

అది యాసంగి. వరి పొట్టకొచ్చింది. వరసగా కొన్నిరోజులు కోతలు పెట్టారు, ప్రతిసారీ లేని మనిషిని స్తంభం ఎక్కించారు. ఆ పొద్దున నిజంగానే చిట్యాల లైన్‌లో క్లాంపు కాలింది. మా లైన్‌మన్ నాకంటే పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు. నోరు మూతపడని మనిషి. ఎల్.సి. తీసుకుంటూ కూడా మా ఇంట్లో ఏం కూర అని అడిగాడు. పప్పు అని చెప్పి తాళం వేశాను.

కాసేపటికి ట్రాక్టర్లు, బండ్లు వచ్చి గేటు ముందు ఆగాయి. ముందు నడిచేది మెడలో తువ్వాల వేసుకున్న పొడుగాటి మనిషి. గేటు తీయనన్న వాచ్‌మన్ తాతను పక్కకు తోసేశారు. తాత కంకర మీద పడ్డాడు. లేచేలోపే జనం కంట్రోల్ రూమ్ మెట్లెక్కారు.

"కరెంటు ఎప్పుడిస్తవ్?" అన్నాడు పొడుగాయన.

"లైన్ మీద మనిషి ఉన్నడు. దిగంగనే ఇస్తా."

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది.

"నిన్న గదే చెప్తిరి, మొన్న గదే చెప్తిరి. ఏ మనిషి? రేయింబవళ్లు స్తంభం మీదనే కాపురం పెట్టిండా?"

"నిన్న చెప్పినోళ్లను పోయి అడుగు. నేను చెప్పేది నిజం."

మొదటి రాయి కిటికీ పగలగొట్టింది. ఆ తర్వాత ఎన్ని పడ్డాయో తెలియదు. ఒక గాజుపెంకు కనుబొమ్మ మీద కోసింది, ఒక కన్ను నెత్తురుతో నిండిపోయింది. లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఆయన గొంతే వినిపిద్దామని ఫోన్ తీశాను. పోలీసులకు చేస్తున్నాననుకుని పొడుగాయన లాక్కున్నాడు. "తాళంచెవి ఇయ్యి" అన్నాడు.

తాళంచెవి నా జేబులో ఉంది. ఇవ్వను అన్నాను. ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకుని గోడకు కొట్టారు. ఆ చెయ్యి మూతి దగ్గరికి రాగానే కసితీరా కొరికాను. గోడకు ఆనించి ఉన్న ఎర్త్ కర్ర అందుకుని, స్విచ్‌లుండే ప్యానెల్ వైపు వచ్చినవాడి భుజం మీద బలంగా ఒక్కటేశాను. అబద్ధమెందుకు, కొట్టినప్పుడు నాకు సంతోషమే అనిపించింది. పొడుగాయన తన చేతికట్టెతో నా కుడి మణికట్టు మీద కొట్టాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. కర్ర జారిపోయింది. కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాను.

"తాళంచెవి ఎందుకే, రాయి ఉన్నది గదా" అని బయట ఎవరో అరిచారు. వాళ్లలో మోటర్లు బాగుచేసే మెకానిక్ ఒకడున్నాడు, హాండిల్ ఎట్లా తిప్పాలో వాడికి తెలుసు. యార్డులో రాయితో తాళం పగలగొట్టడం వినిపిస్తూనే ఉంది. ఆ పొలాలెండితే ఈ మనుషులు అప్పులపాలవుతారని నాకూ తెలుసు. కానీ ఆ నిమిషంలో వాళ్లందరి మీదా అసహ్యం వేసింది. నేలమీద పాక్కుంటూ వెళ్లి ప్యానెల్ కాళ్లను కావలించుకున్నాను. డొక్కలో తన్నారు. "మనిషి సస్తడురా, మనిషి సస్తడు" అని అరుస్తూనే ఉన్నాను. ఒక్కడూ చెవిన పెట్టలేదు.

"కలిసింది!" అని యార్డులోంచి మెకానిక్ కేక. ఇక లోపల స్విచ్ ఒక్కటే మిగిలింది. నేను కర్రతో కొట్టినవాడే నన్ను దాటుకుని స్విచ్ మీద చెయ్యి వేశాడు.

సరిగ్గా అప్పుడు పొడుగాయన చేతిలో నా ఫోన్ మోగింది. చూసుకోకుండా ఎత్తాడు. మా లైన్‌మన్ మెల్లగా మాట్లాడటం ఎరగడు, ఆ గొంతు గదంతా వినిపించింది.

"అక్కా, ఇంక జరసేపు పడతది. పాత క్లాంపు ఊడుతలేదు. ఫోను భుజానికి ఒత్తుకోని మాట్లాడుతున్న, రెండు చేతులు తీగ మీదనే ఉన్నయ్. నువ్వు పరేషాన్ గాకు."

పొడుగాయన అరిచి ఆపే వ్యవధి లేదనుకున్నాడేమో, ఒక్క దూకు దూకి అదే కట్టెతో స్విచ్ మీదున్న చేతిని కొట్టాడు. వాడు కెవ్వుమని వెనక్కి పడ్డాడు, తల బల్ల అంచుకు తగిలి చిట్లింది. నెత్తురు టైల్స్ మీద పారింది. పడ్డవాడు ఆయన సొంత తమ్ముడని తర్వాత తెలిసింది.

"అక్కా? ఉన్నవా?" అని ఫోన్‌లో ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఫోన్ లాక్కుని, "ఉన్న. నిమ్మళంగ చేసుకో" అన్నాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

మెకానిక్‌ను పిలిచి హాండిల్ వెనక్కి తిప్పించాను. కొత్త తాళం నా ఎడమ చేత్తో నేనే వేశాను. పనయ్యేదాకా అందరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. లైన్‌మన్ దిగి ఎల్.సి. రిటర్న్ చేశాక కరెంటు ఇచ్చాను. వాళ్ల ఊళ్ల నుంచి మోటర్లు నడుస్తున్నాయని ఫోన్లు వచ్చాయి. తమ్ముణ్ణి దవాఖానకు తీసుకుని పొడుగాయన వెళ్లిపోయాడు, వెనకే మిగతావాళ్లు. క్షమించమని ఒక్కరూ అనలేదు. నేనూ అడగలేదు.

చున్నీతో చెయ్యి కట్టుకున్నాను. నా బదులు ఇంకో ఆపరేటర్ వచ్చేదాకా కుర్చీ వదిలిపోయే వీల్లేదు. మధ్యాహ్నం మా సారు ఫోన్ చేశాడు. మొదట ప్యానెల్ బాగుందా అన్నాడు, తర్వాత నేను బాగున్నానా అన్నాడు. చివరికి అసలు సంగతి చెప్పాడు. "చిట్యాల ఫీడర్ ఆపాలమ్మా, పైనుంచి ఆర్డర్. ఇయ్యాలన్నా లైన్ మీద మనిషి ఉన్నడని చెప్పు. ఇప్పుడైతే నమ్ముతరు. నీ మంచికే చెప్తున్న."

నా మంచికే. ఒళ్లు మండిపోయింది. ఆర్డర్ కాబట్టి ఫీడర్ ఆపాను. రెండు నిమిషాలైనా కాలేదు, ఆఫీసు ఫోన్ మోగింది. పొడుగాయన.

"అక్కా, మల్ల పోయింది. మనిషి ఎక్కిండా?" గొంతులో పొద్దుటి పొగరు లేదు, భయం ఉంది. "ఎక్కితే చెప్పు. ఎవ్వల్ని అటు రానియ్య, నాది జిమ్మ."

అవును అంటే చాలు. ఈయనే నాకు కాపలా ఉంటాడు. నాకు భయంగానే ఉంది, చెయ్యి మొయ్యలేనంత బరువుగా వాచింది, గదిలో పగలడానికి ఇంకా అద్దాలున్నాయి. కానీ రేపు మా లైన్‌మన్ మళ్లీ ఎక్కుతాడు. రేపు నేను చెప్పే మాట వీళ్లు నమ్మాలి.

"ఎక్కలే" అన్నాను. "ఎవ్వల్లేరు. పైనుంచి కోత పెట్టిన్రు."

ఫోన్‌లో వెనక ఎవరో ఏమందని అడుగుతున్నారు.

"అయితే వస్తున్నం" అన్నాడు.

"రా" అన్నాను.

ఫోన్ పెట్టేసి, గేటుకు గొలుసు వేయమని వాచ్‌మన్ తాతకు చెప్పాను.