ఒప్పులకుప్పలో జారిన మోకాలి చిప్ప

రాసుకో బిడ్డా, మెల్లగానే చెప్తాను. నా చిన్నప్పుడు మేం కొత్తవాడలో ఉండేవాళ్లం. పక్కింట్లో జంపఖానాలు నేసేవారు. ఆ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు లేస్తే రెండోవారి చేయీ ఆగిపోతుంది. పక్కింటి అక్కకు పదిహేనేళ్లు. వాళ్లమ్మ పక్కన నేస్తూ నేస్తూ, మోకాలు పట్టుకుని లేచిపోయేది. "చిప్ప పక్కకు పోతాందే" అనేది. పని తప్పించుకోవడానికి నకరాలని వాడంతా నవ్వేది. నేనూ నవ్వాను. తొమ్మిదేళ్ల దానికి ఏం తెలుస్తుందిలే అనకు.

ఒకరోజు సాయంత్రం గల్లీలో ఒప్పులకుప్ప ఆడుతున్నాం. నా జోడీ రాలేదు. అరుగు మీదున్న అక్కను లాగాను.

"వద్దే, మోకాలు మంచిగ లేదు."

"నకరాలు జెయ్యకక్కా, ఈడ మగ్గం లేదు గద!"

పిల్లలంతా గొల్లుమన్నారు. పాపం, లేచింది. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం. "ఇడువే, చెయ్యి ఇడువు" అంది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె పాదం నేలకు అతుక్కున్నట్టు ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగిపోయింది. పడ్డాక చూస్తే మోకాలి చిప్ప దాని చోట లేదు, పక్కకు పోయి ముద్దలా ఉంది.

వాళ్లమ్మ రిక్షాలో దవాఖానకు తీసుకుపోతుంటే నేనూ ఎక్కాను. డాక్టర్ సారు మెల్లగా కాలు చాపించి చిప్పను చోటుకు తెచ్చారు. తర్వాత ఆమె బొటనవేలిని వంచితే అది ముంజేతికి ఆనింది.

"ఇది నకరాలు కాదమ్మా. కీళ్లు వదులుగ ఉన్నోళ్లకు, ఈ ఈడు పిల్లలకు జారుతది. ఇంట్ల ఎవరికన్న ఉంటే ఇంక ఎక్కువ. నా దగ్గరికి మస్తుమంది వస్తరు. ఒక్కపారి జారితే మళ్ల జారే భయం ఉంటది" అన్నారు.

"నాకు గూడ గిట్లనే జారేది సారూ. చెప్తే నవ్విన్రు" అంటూ వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సారు నావైపు తిరిగి, నా బొటనవేలిని కూడా వంచమన్నారు. సగం కూడా వంగలేదు. "చూసినవా? నీ ఒళ్లు లెక్క ఆమె ఒళ్లు ఉండదు" అన్నారు.

ఎట్లా పడ్డావని అడిగితే అక్క నన్నే చూసింది. "నేనే బాగ తిరిగిన సారూ" అంది. నేను వాళ్లమ్మ వెనక్కి జరిగాను. ఆ తర్వాత చాలా రోజులు కాలికి పట్టీతో అరుగు మీదే కూర్చుని "బువ్వ తిందాం రావే" అని పిలిచేది. నేను వేరే గల్లీలోంచి చుట్టూ తిరిగి ఇంటికి పోయేదాన్ని.

మొన్న ఆటల పీరియడ్‌లో మోకాలు నొచ్చిందని ఇంటికొచ్చి నువ్వంటే మీ నాన్న నవ్వాడు. నేను వాణ్ని కసిరింది అందుకే. ఇప్పుడు కాశిబుగ్గలో ఉంది అక్క. ఇంకా అడుగు చూసి చూసి వేస్తుంది. ఇది రాయడం అయ్యాక నన్ను ఆమె దగ్గరికి తీసుకుపో, ఆమె ముందరే చదువు. ఆనాటి నుంచి ఎవరైనా "ఇడువు" అంటే ముందు చెయ్యి వదిలేస్తాను బిడ్డా. ఎందుకని తర్వాత అడుగుతాను.