మేనమామ చీర

జగ్గమ్మ ఏ పని చేసినా పద్ధతి ప్రకారం చేస్తుందని చీపురుపల్లి పక్క ఊళ్ళలో పేరు. నువ్వులు చల్లినా, గోగునార తీసినా, పేరంటానికి పిలిచినా, వేలెత్తి చూపడానికి ఎవరికీ సందివ్వదు. ఆ పద్ధతే ఆవిడ కొంప ముంచింది. ఆవిడ ఒక్కతీ మునిగితే పోనీలే అనుకోవచ్చు, చేజేతులా చేసుకుంది కాబట్టి. అభం శుభం తెలియని పిల్ల కూడా మునిగింది.

జగ్గమ్మకు కడుపు పండలేదు. మొగుడు కూర్మయ్య నోట్లో నాలుక లేని మనిషి. రెండెకరాల పల్లం, కొండవార కాస్త మెట్ట చేసుకుంటాడు. కూర్మయ్య తల్లి తాతమ్మకు మాత్రం ఇద్దరికి సరిపడా నాలుక ఉంది. మొక్కులన్నీ అయిపోయి, ఆసుపత్రులన్నీ అయిపోయి, ఇక అందరూ అడగడం మానేసిన వయసులో జగ్గమ్మ ఒకరోజు అంగన్‌వాడీ దగ్గర మీటింగుకు వెళ్ళింది. అమ్మానాన్నా లేని పిల్లల్ని హాస్టల్లో పడెయ్యకుండా ఒక ఇంట్లో ఉంచి పెంచే ఏర్పాటు ఉందని, దాన్ని ఫోస్టర్ కేర్ అంటారని అక్కడ జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన శైలజ మేడమ్ చెప్పింది. పిల్ల మనదైపోదు, సొంతవాళ్ళు మళ్ళీ నిలదొక్కుకుంటే వెళ్ళిపోవచ్చు, అందుకు గుండె దిటవు చేసుకునే రండి అని కూడా చెప్పింది. జగ్గమ్మ మొదటి సగమే విన్నది.

"ఎవల గుంటనో తెచ్చి నా నెత్తిన పెడతావేటే?" అంది తాతమ్మ.

"నీ నెత్తిన కాదత్తా, నా ఒళ్ళో పెట్టుకుంతాను," అంది జగ్గమ్మ.

ఆఫీసువాళ్ళు వచ్చి వంటగది చూశారు, మరుగుదొడ్డి చూశారు, ఇరుగుపొరుగును అడిగారు, దంపతులిద్దరికీ శిక్షణ అని రెండుసార్లు పిలిపించారు. ఆఖరికి శైలజ ఒక ఎనిమిదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పేరు యమున. తల్లి జ్వరంతో పోయింది, తండ్రి తాగి తాగి పోయాడు. కొన్నాళ్ళు మేనమామ దాలయ్య ఇంట్లో ఉంది. ఆ తర్వాత అతను, నా వల్ల కాదు, నా పిల్లలకే గతి లేదు అని చెప్పి ఆఫీసులో వదిలేసి పోయాడు.

ఆ పిల్లకో వింత అలవాటు. చెప్పులు గుమ్మం బయట విడిచేది కాదు. చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చుకుని, పడుకునేటప్పుడు తలదగ్గర పెట్టుకునేది. చెప్పులు ఇంట్లోకి తెస్తే తాతమ్మ ఊరుకుంటుందా? ఇల్లు మైలపడిందని, లక్ష్మి లేచిపోతుందని రోజూ తిట్టిపోసేది. పిల్ల తిట్లు తినేది గానీ చెప్పులు మాత్రం వదిలేది కాదు. ఒకరోజు తల దువ్వుతూ జగ్గమ్మ మెల్లగా అడిగింది.

"అవి బయటుంటే ఎవలు ఎత్తుకుపోతారే?"

"మావ జాతరకన్సెప్పి ఆటో ఎక్కించినాడు. సెప్పులేసుకుంతానంటే, ఎందుకు, బేగి వచ్చేస్తాం కదా అన్నాడు," అంది యమున. "మళ్ళీ రానేదు."

జగ్గమ్మ ఆ మాటకు దువ్వెన కింద పెట్టి ఏడ్చింది. ఆ రోజే, ఇక చెప్పుల జోలికి వెళ్తే బాగుండదని అత్తకు గట్టిగా చెప్పింది. పెంచడమంటే ఇదే. బువ్వ ఎవరైనా పెడతారు. మొత్తానికి ఏడాది గడిచేసరికి యమున చెప్పులు తనంతట తనే గుమ్మం బయట, కూర్మయ్య చెప్పుల పక్కన విడిచింది. అది మొదట చూసింది తాతమ్మే. అరిచి ఊరంతా పిలుస్తుందనుకుంటే, కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి పోయింది. ఆ వారంలోనే పిల్ల జగ్గమ్మను అమ్మా అని పిలిచింది.

అలా అయిదేళ్ళు హాయిగా గడిచాయి. శైలజ వచ్చినప్పుడల్లా ఒకటే పోరు పెట్టేది. "దత్తతకు అర్జీ పెట్టుకోండమ్మా. రెండేళ్ళు దాటితే మీకే హక్కు. పిల్లకూ ఇష్టమే కదా."

"పెడతాం మేడమ్. కాకపోతే దీని మేనమావ ఒకడున్నాడు కదండి. ఆడి సెవినెయ్యకుండా గుంట మాదని ఎలగ రాసేసుకుంతాం? తప్పు కదండి."

"వద్దని వదిలేసి పోయినవాడమ్మా ఆయన."

"వదిలేస్తే మాత్రం మేనమావ కాకుండా పోతాడేటి?"

చెంపమీద ఒకటి కొట్టి అర్జీ మీద వేలిముద్ర వేయించాల్సిన సమయం అది. శైలజ మర్యాదస్తురాలు, కొట్టలేదు.

పదమూడో ఏట యమున పెద్దమనిషి అయింది. ఇంట్లో ఒక మూల చాప వేసి కూర్చోబెట్టారు. తమ చేలో పండిన నువ్వులు దంచి చిమ్మిలి చేసి తాతమ్మే తినిపించింది. పేరంటం ఘనంగా చెయ్యాలని జగ్గమ్మ పట్టుదల. దిక్కులేని పిల్ల అని ఊళ్ళో నలుగురూ వెనకాల అనే మాట ఆ ఒక్కరోజుతో పోవాలి. అయితే పేరంటంలో పిల్ల కట్టేది మేనమామ తెచ్చిన చీర. కూర్చునేది మేనమామ తెచ్చిన తాటాకు చాప. ఆ రెండూ లేకపోతే ఎన్ని కూరలు వండినా లోటే.

జగ్గమ్మ తమ్ముడు అప్పలసూరి ఆ మాట ముందే గ్రహించి నెల్లిమర్ల నుంచి వచ్చాడు. మిల్లు పనివాడు, మంచివాడు. "అక్కా, సీర నాను తెస్తాను. నువ్వు అమ్మవైతే నాను మేనమావనే కదా," అన్నాడు.

జగ్గమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. "నువ్వు నాకు తమ్ముడివి గానీ దానికి రక్తం కాదు కదరా. ఉన్న మేనమావని వదిలేసి నీ సేత ఎలగ పెట్టిస్తాను? రేపు దీని పెళ్ళిలో నలుగురూ ఏటంతారు?"

ఈ మాటన్నది నడవలో. మూల చాప మీద పిల్ల కూర్చున్నది తలుపుకు అవతల. తమ్ముడు రక్తం కాకపోతే అక్క మాత్రం ఏమవుతుందని జగ్గమ్మకు తట్టలేదు. యమునకు తట్టింది.

ఆ మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వెళ్తే పిల్ల కంచం ముట్టుకోలేదు. "అమ్మా, ఆయన్ని పిలవొద్దు."

"మేనమావ సీర కట్టకపోతే సంబంధాలు రావే."

"రాకపోతే పోనీ. సూరిమావ సీరే కట్టుకుంతాను. ఆయన్ని పిలవొద్దమ్మా."

"ఊరుకో. పెద్దోల పనుల్లో గుంటలు కల్పించుకోకూడదు. తిను."

పిల్ల తినేసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒప్పుకుందనుకుంది జగ్గమ్మ.

కొరివితో తల గోక్కునేవాళ్ళు కూడా బొట్టు పెట్టి మరీ పిలిచి గోక్కోరు. జగ్గమ్మ పిలిచింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని, పళ్ళూ తాంబూలం పట్టుకుని సముద్రం వైపు ఊరికి వెళ్ళింది. దాలయ్య అక్కడ రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. వీళ్ళెవరో ముందు పోల్చుకోలేదు. మేనకోడలు అనగానే, బతికే ఉందా అన్నట్టు చూశాడు. అతని పెళ్ళాం కూడా చెరువుల పనికే పోతుంది. లోపల నులకమంచం మీద అతని తల్లి, పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయి, తన తడిలో తనే పడి ఉంది. ఇల్లంతా వాసన. జగ్గమ్మ అదంతా చూసింది. చూసి, పాపం ముసలమ్మ అనుకుని, తెచ్చిన పళ్ళలో రెండు ఆవిడ చేతిలో పెట్టింది.

"గుంట పనీ పాటా సేస్తాదేటి?" అని అడిగాడు దాలయ్య.

"బంగారం బాబూ. సెప్పక్కర్నేదు, ఇంటి పనంతా అదే సేసేస్తాది," అంది జగ్గమ్మ గొప్పగా.

పేరంటానికి దాలయ్య చీర తెచ్చాడు, చాప తెచ్చాడు. ఊరు మెచ్చుకుంది. ఫొటోలు తీసే వినోద్, మామా కాస్త ఇటు చూడు అంటూ, చీర పెడుతున్నప్పుడు నాలుగు ఫొటోలు తీశాడు. యమున ఏ ఫొటోలోనూ తలెత్తలేదు. సిగ్గు అనుకున్నారు అందరూ. భోజనాలయ్యాక జగ్గమ్మ నలుగురి ముందూ దాలయ్య దగ్గరకు వెళ్ళి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పద్ధతి ప్రకారం అడిగింది. "బాబూ, ఇది మీ గుంట. ఇన్నాళ్ళూ మా దగ్గర దాసుకున్నాం. ఇక నీ సేత్తో మాకిచ్చెయ్యి."

అలా అడిగితే, ఇక నుంచి మీదే తల్లీ అనాలి. అది మర్యాద. దాలయ్య చెయ్యి తుడుచుకుని నవ్వాడు. "మా గుంటే అని నువ్వే అంతన్నావు కదక్కా. మరి మా గుంటని మాం తీసుకుపోతాం."

మేనమామ సరసం అనుకుని పేరంటాళ్ళంతా నవ్వారు. జగ్గమ్మ కూడా నవ్వింది. ఆ సాయంత్రం ఇల్లు ఊడుస్తూ మూలకు వస్తే, తాటాకు చాప పక్కన యమున చెప్పులు కనిపించాయి. గుమ్మం బయటి నుంచి లోపలికి వచ్చేశాయి. తాతమ్మ కూడా చూసింది. మైల అనలేదు, తిట్టలేదు. కోడలి ముఖంలోకి మాత్రం చూసింది.

వారం తిరక్కుండా దాలయ్య ఆఫీసులో కాగితం పెట్టాడు. అప్పుడు నా పరిస్థితి బాగోలేదు, ఇప్పుడు పని ఉంది, ఇల్లుంది, నా అక్క బిడ్డను నాకివ్వండి అని. ఎనిమిదేళ్ళప్పుడు పిల్ల ఒక నోరు, వద్దన్నాడు. పదమూడేళ్ళకు రెండు చేతులయింది, కావాలన్నాడు. లెక్క అంత సులువు. చట్టం దృష్టిలో అయినవాళ్ళు వస్తామంటే అయినవాళ్ళదే ముందు వంతు. శైలజ ఫోన్ చేసి ఆ సంగతి చెబుతూ, చెప్పాను కదమ్మా అని అనలేదు. అనకపోవడమే జగ్గమ్మకు ఎక్కువ తగిలింది.

పిల్లల సంగతి తేల్చే జిల్లా కమిటీ ముందు అందరూ కూర్చున్నారు. దాలయ్య సెల్‌ఫోను తీసి ఫొటోలు చూపించాడు. మేనమామ చీర పెడుతున్నాడు, మేనకోడలు తలవంచి అందుకుంటోంది. ఆ ఫొటోలకు డబ్బులిచ్చింది జగ్గమ్మే.

"ఈయన్ని మీరే ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారా?" అని జగ్గమ్మను అడిగాడు కమిటీ పెద్దాయన.

"పిలిసినామండి."

"ఇది మీ పిల్ల అని ఈయనతో నలుగురిలో అన్నారా?"

"అన్నానండి. అది అడిగే పద్ధతండి."

పెద్దాయన రాసుకున్నాడు. తర్వాత యమున వైపు తిరిగి, భయపడకు తల్లీ, నువ్వెక్కడ ఉంటానంటే అదే చూస్తాం అన్నాడు. నిజంగానే మంచిగా అడిగాడు. జగ్గమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాట చాలు. అమ్మ దగ్గర అంటే చాలు. శైలజ కూడా పిల్ల వైపే చూస్తోంది.

యమున తన చెప్పుల వైపు చూసుకుంది. "ఎక్కడైనా ఒకటేనండి," అంది. జగ్గమ్మ వైపు చూడకుండా, "ఆలే పిలిసినారు కదండి," అంది.

ఆ రోజే దాలయ్య ఆటో ఎక్కించాడు. ఈసారి పిల్ల కాళ్ళకు చెప్పులున్నాయి. కూర్మయ్య, నోట్లో నాలుక లేని కూర్మయ్య, ఆటో వెనక రోడ్డు మలుపు దాకా పరుగెత్తాడు. వెనక్కి వచ్చి పెళ్ళాంతో ఆ పంట చేతికొచ్చేదాకా మాట్లాడలేదు.

కోతలయ్యాక జగ్గమ్మ చిమ్మిలి చేసి, డబ్బాలో పెట్టుకుని వెళ్ళింది. యమున నులకమంచం మీది ముసలమ్మను పక్కకు తిప్పి ఒళ్ళు తుడుస్తోంది. చెయ్యి తిరిగిన పనిమనిషిలా తుడుస్తోంది. బడి మాన్పించారు. ఆ సంగతి విని జగ్గమ్మ చేసిన ఫిర్యాదు మీద శైలజ అప్పటికే ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. ఆ రోజుకు యూనిఫాం తొడిగించారు. బాగానే ఉన్నానండి అని పిల్లే చెప్పింది.

"ఎవలే?" అంది ముసలమ్మ మంచం మీంచి.

"నన్ను పెంచినోలు అమ్మమ్మా," అంది యమున. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, చుట్టాలకు ఇచ్చినట్టు. కాళ్ళు పగిలి ఉన్నాయి.

"సెప్పులేవే?"

"ఎక్కడికెల్తాను సెప్పులేసుకుని?"

జగ్గమ్మ ఆ కాళ్ళ దగ్గరే కూలబడింది. ఇంటికి పోదాం రా అంది, మళ్ళీ కాగితం పెడతాను అంది, దత్తతకు ఇవాళే వేలిముద్ర వేస్తాను అంది. చేతులు కాలాక ఆకులు ఎన్ని పట్టుకుంటే ఏం లాభం? యమున అంతా విన్నది. కోపంగా లేదు. కోపం ఉన్నా జగ్గమ్మకు కొంత ఆశ ఉండేది.

"నాను వద్దన్నాను కదమ్మా," అంది. లోపల ముసలమ్మ దగ్గింది. యమున లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా జరిగిన ఏడాదికి శైలజ మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మడు అనే ఆరేళ్ళ పిల్ల, ఎవరూ లేరు, తీసుకుంటారా అని. జగ్గమ్మ ఎలా ఒప్పుకుందో ఊరికి అర్థం కాలేదు. సిగ్గు లేదన్నారు. తీసుకుంది. పిల్ల వచ్చిన మర్నాడు తల చూస్తే నిండా పేలు. శ్రీకూర్మం తీసుకెళ్ళి గుండు కొట్టించేద్దాం, మొక్కూ తీరుతుంది, పేలూ పోతాయి, అదే పద్ధతి అంది తాతమ్మ. పిల్ల రెండు చేతులతో జుట్టు పట్టుకుంది. వద్దంది, వినీ వినపడనట్టు.

"గుంట వద్దంతన్నాదత్తా," అంది జగ్గమ్మ.

"దానికేటి తెలుసే? ఆరేళ్ళ గుంట మాట వింతావా?"

"ఒకసారి వద్దంటే ఇన్నేదు నాను," అంది జగ్గమ్మ.

జగ్గమ్మ పేల దువ్వెన తెచ్చుకుని, గుమ్మం దగ్గర వెలుగులో పిల్లను ముందర కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క పాయా విడదీసి చూడడం మొదలుపెట్టింది.