పెట్టెలో కుప్పం

యుద్ధం రోజుల్లో నేను మదనపల్లెలో హాస్టల్లో ఉండి ఫోర్తు ఫారం, అంటే తొమ్మిదో తరగతి, చదివాను. మా ఊరు కుప్పం. మా నాయన అక్కడి రైల్వే స్టేషన్లో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పైచదువులంటే కుప్పం పిల్లలు రైలెక్కి మైసూరు సీమకో అరవదేశానికో పోయేవాళ్లు. నన్ను మాత్రం మా పాస్టరుగారు సిఫారసు చేసి, పలమనేరు, పుంగనూరుల మీదుగా బొగ్గు బస్సులో మదనపల్లెకు పంపించారు. పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు కుంపటి కట్టి నడిపే కాలమది. ఎత్తు వచ్చిన చోటల్లా అందరం దిగి తోశాం. ఇంటి నుంచి అంత దూరం రావడమే కాక, ఆ దూరాన్ని చేతులారా తోసుకుంటూ వచ్చానన్నమాట.

అప్పటికి మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో నాయన, నేను. నేను వచ్చేశాక నాయన ఒక్కడే.

బడిలో నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ మాట ముందే చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. పలకరించేవాళ్లు కాదు, అంతే. నేను నోరు తెరిస్తే మాటల్లో అరవం, కన్నడం దొర్లేవి, వాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకుంటే, వీడికి పొగరన్నారు. సరే, పొగరే అనుకోనీ అని ఊరుకున్నాను. ఒంటరిగా ఉన్నవాడికి పొగరు కాస్త ఆసరా.

ఆ ఏడు భూగోళం చెప్పడానికి, మద్రాసులో ట్రెయినింగు ముగించుకుని ఒక కుర్ర అయ్యవారు వచ్చారు. జిల్లాను చదివితే లాభం లేదు, చెయ్యాలి అన్నారాయన. బడి వెనక, హాస్టలు వంటింటికి ఇవతలున్న ఖాళీ జాగాలో మట్టితో చిత్తూరు జిల్లా పటం. కొండలు కొండల్లాగే లేవాలి, చెరువుల్లో నీళ్లు నిలవాలి, రోడ్లు సున్నంతో తెల్లగా పడాలి. ఏ ఊరి పిల్లలు ఆ ఊరు చెయ్యాలి. పూర్తయ్యాక తల్లిదండ్రులను పిలిపించి చూపించాలి. దీన్ని ప్రాజెక్టు అంటారని చెప్పారు. ఆ మాట మేం వినడం అదే మొదలు. వారం తిరక్కుండానే హాస్టల్లో గుడ్డలుతుక్కోవడం కూడా ప్రాజెక్టయి కూర్చుంది.

అయ్యవారు ఒక్కో ఊరి పేరు చెబుతుంటే పిల్లలు చేతులెత్తారు. మదనపల్లె, కురబలకోట అంటే సగం క్లాసు లేచింది. వాయల్పాడు, కలికిరి వాళ్లది ఒక గ్రూపు. పుంగనూరు, పెద్దపంజాణి, పలమనేరు కలిపి ఇంకో గ్రూపు. చివరికి కుప్పం అన్నారు. నేను చెయ్యెత్తాను. ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన వెనక బెంచీల దాకా చూసి, "సరే, గ్రూపూ నువ్వే, లీడరూ నువ్వే" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన మంచి మనసుతోనే అన్నారని నాకు తెలుసు. నేనూ నవ్వాను. మనల్ని చూసి నలుగురు నవ్వుతున్నప్పుడు మనమూ నవ్వేస్తే త్వరగా అయిపోతుంది.

పటానికి హద్దులు గీసిన రోజున అసలు తంటా వచ్చింది. అయ్యవారు మదనపల్లె దగ్గర మొదలుపెట్టారు. బడి ఉన్న ఊరు కదా, కాస్త ధారాళంగానే కొలిచారు. ఆ లెక్కన కిందికి దిగుతూ పోయారు. మా కుప్పం జిల్లాకు తోకలాంటిది. అటు మైసూరుకూ ఇటు అరవ జిల్లాలకూ మధ్యకు చొచ్చుకుని ఉంటుంది. తోక దగ్గరికి వచ్చేసరికి జాగా కాస్తా అయిపోయింది. అడ్డంగా బావి నుంచి వంటింటికి నీళ్లు మోసే కాలిదారి. దారికి అవతల, తిన్నాక మేం చేతులు కడుక్కునే బండ పక్కన, చాపంత నేల మిగిలింది.

"అట్లాసులో దీవులను మూలన ఒక పెట్టె గీసి అందులో వేస్తారు చూడు, అలా చేద్దాం" అన్నారు అయ్యవారు. కుప్పం దీవి కాదండీ అందామని నోటి దాకా వచ్చింది. అనలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే పట్టుకుంది. నా పెట్టెను పెద్ద పటంతో కలుపుతూ ఒక రోడ్డు పడాలి. కాలిదారికి అడ్డంగా తెల్లటి గీత, అంతకంటే ఏమీ వద్దు. పలమనేరు నుంచి కుప్పానికి నిజంగానే రోడ్డుంది, నేను ఆ రోడ్డు మీదే వచ్చినవాణ్ణి. కానీ ఒకరి హద్దులో ఇంకొకరు గీత గీయాలంటే ఆ గ్రూపు ఒప్పుకోవాలని అయ్యవారి నియమం. అటువైపంతా పుంగనూరు గ్రూపుది. వాళ్ల లీడరు పెద్ద రైతు కొడుకు. నాకంటే జానెడు పొడుగు, ఏం మాట్లాడినా తీర్పు చెప్పినట్టే ఉండేది. రెండు రోజులు గుండె చిక్కబట్టుకుని వాడి దగ్గరికి పోయాను.

"మీ పలమనేరు కాడ్నుంచి నా పెట్టె దాకా రోడ్డు గీసుకుంటా."

"తొక్కే దావలో రోడ్డు యాలప్పా? నీళ్లోళ్లు పొద్దస్తమానం తిరగతానే ఉండారు. ఒక్కపూటకే సెరిగిపోతాది."

"సెరిగితే మళ్లా గీస్తా."

"నీది మైసూరులో కలుపుకో పో. ఆడికైతే నీకు రైలుండాది."

గ్రూపంతా పగలబడి నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. మెల్లిగా నా చాపంత నేలకు వచ్చి కూర్చున్నాను.

సాయంత్రాలు బడి వదిలాక పని. అటువైపు సందడే సందడి. మదనపల్లె వాళ్లు కొండలు లేపి, కురబలకోట గొర్రెలకు పత్తి ఉండలు పెట్టారు. పుంగనూరు వాళ్లు తమ పొట్టి ఆవులను బంకమట్టితో చేసి ఎండబెట్టారు. ఒకడు మట్టి పిసికితే ఒకడు నీళ్లు పోసేవాడు, ఒకడు ఊరికే నిలబడి పెత్తనం చేసేవాడు. ఆ పెత్తనం చేసేవాణ్ణి చూసినా నాకు అసూయే. నేను రైలుపట్టాలు నేరుగా రావడానికి దారం లాగి పట్టాలి. రెండో కొస పట్టుకునేవాడు లేడు. కాలి బొటనవేలికి కట్టుకుని, కాలు చాచి, ముందుకు వంగి గీసుకున్నాను. విరిగిన గొడుగు కమ్మీలు పట్టాలయ్యాయి, చీపురు పుల్లలు స్లీపర్లయ్యాయి. చేతులు కడుక్కునే బండ పక్కనే కాబట్టి, జిల్లా అంతా ఎండినా కుప్పానికి మాత్రం పూటపూటా వరద. పొద్దున వరద తుడుచుకుని సాయంత్రం మళ్లీ ఊరు కట్టుకునేవాణ్ణి. అయినా నా స్టేషను చూసుకుంటే గర్వంగా ఉండేది. స్టేషను ఊరికి మైళ్ల దూరాన ఉన్న మదనపల్లె వాళ్లకు నాతో పోటీ ఏమిటి అనుకునేవాణ్ణి. అనుకోవడానికి ఖర్చు లేదు కదా.

తల్లిదండ్రులు వచ్చే రోజుకు నాయనను రమ్మని కార్డు రాశాను. మిలిటరీ బండ్లు తెంపు లేకుండా వస్తున్నాయి, లీవు ఇవ్వరు, బాగా చెయ్యి అని జవాబు వచ్చింది. ఆ రోజు నాకు చాలా ఏడుపు వచ్చింది. పనిలో ఉన్నవాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేక ఇంకా ఎక్కువ వచ్చింది.

తల్లిదండ్రులు వచ్చే రోజు రానే వచ్చింది. పుంగనూరు బస్సు దిగి తలపాగాల రైతులు, కొంగులు కప్పుకున్న ఆడవాళ్లు వచ్చారు. ప్రతి గ్రూపులో ఒకడు కర్రతో చూపిస్తుంటే ఇంకొకడు చెబుతున్నాడు. నేను కర్ర పట్టుకుని పెట్టె పక్కన నిలబడ్డాను. చూపించేదీ చెప్పేదీ నేనే. అయితే కాలిదారి దాటి ఇటు వచ్చిన పాపాన ఎవరూ పోలేదు. పటం అక్కడితో అయిపోయిందనుకుని అందరూ వెనక్కి తిరుగుతున్నారు.

అటువైపు ఒకామె మాత్రం పటం అంచున నిలబడి దేనికోసమో వెతుకుతోంది. పుంగనూరు లీడరు వాళ్లమ్మ ఆమె. "కుప్పం యాడరా?" అని కొడుకును అడగడం నాకు వినిపించింది. వాడు నా వైపు చెయ్యి చూపించాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కాలిదారి దాటి వచ్చింది.

నేను కర్ర ఎత్తి, బట్టీపట్టిన ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె వినలేదు. బురద నేల మీద గొంతుక్కూర్చుంది.

"టేసనుకు ఎదురుగా సందుండాది సూడు, గానుగిల్లు దాటినాక. అదేదప్పా?"

"ఈడమ్మా" అని చూపించాను.

"ఆ సందులోనే మా పుట్టినిల్లు."

అడక్కుండానే తడిమట్టి తీసుకుని, గాజులు వెనక్కి తోసుకుని, ఆ చోట చిన్న ఇల్లు కట్టింది. అరుగులు కూడా పెట్టింది. ఆమె చేతికి పని బాగా తెలుసు. కొడుకు వచ్చి వెనక నిలబడి, "లెయ్యమ్మా, అందరూ సూస్తాండారు" అన్నాడు.

"మళ్లా ఎప్పుడు పోతారమ్మా కుప్పానికి?" అని అడిగాను.

"మా నాయిన పోయినప్పుడు పోయినా. ఇప్పుడు రమ్మని పిలిసేదానికి ఎవురుండారప్పా? పిలవకుండా ఎట్లా పోతాము?" అని నా ముఖం చూసింది. "మీ ఇల్లు యాడ పెట్టినావు?"

"పెట్టలేదమ్మా." ఊరంతా కట్టి ఇల్లు ఎందుకు మరిచానో అప్పటికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. "స్టేషను వెనక క్వార్టర్సు మాది."

"ఎవురుండారు ఇంట్లో?"

"మా నాయిన."

"అమ్మ?"

"ల్యాదు."

ఆమె ఇంకొంచెం మట్టి తీసి స్టేషను వెనక మా ఇల్లు పెట్టి, వేలిగోటితో వాకిలి తెరిచింది. తర్వాత తలెత్తి కొడుకును అడిగింది. "రేయ్, దీనికి దావ యాడరా? మీ ఊర్నుంచి నేను నడిసిపోవల్లంటే యాడ నడిసేది?"

అంతలో బస్సుకు టైమయిందని వాళ్ల నాయన కేకేశాడు. ఆమె చేతులు కడుక్కుని పోయింది.

ఆమె పోయాక వాణ్ణి అడిగాను, మీ అమ్మది కుప్పమని ఒక్కమాట చెప్పలేదేమని. "మాది పుంగనూరు కదా" అన్నాడు వాడు వింతగా చూస్తూ. వాడి తప్పు లేదు. ఏ ఊరు అంటే నాయన ఊరు చెప్పేవాళ్లమే అందరం. ఆ క్లాసులో అమ్మ ఊరికి చెయ్యెత్తినవాడు ఒక్కడూ లేడు. మా అమ్మది కలికిరి పక్కన పల్లె. ఆ లెక్కన నేనూ కలికిరి గ్రూపులో పదిమందితో కలిసి మట్టి పిసకాల్సినవాణ్ణి. రాత్రి చాప మీద పడుకున్నాక గాని నాకు ఆ సంగతి తట్టలేదు.

సోమవారం పొద్దున బడి గంటకు ముందే వాడు సున్నం డబ్బాతో వచ్చాడు. గ్రూపును వెంటేసుకోకుండా ఒక్కడే వచ్చాడు. పలమనేరు దగ్గర వంగి, గీత మొదలుపెట్టి, కాలిదారికి అడ్డంగా వస్తున్నాడు. బావి నుంచి బిందెతో వస్తున్న మనిషి ఆగి, గీత తొక్కకుండా దాటిపోయాడు. ఇవాళ వాడితో ఏం మాట్లాడాలో కూడా ఆలోచించుకున్నాను. గీత పెట్టెలోకి వచ్చింది. స్టేషను దాటింది, గానుగిల్లు దాటింది, సందు తిరిగింది. వాళ్లమ్మ కట్టిన ఇంటి అరుగు దగ్గర వాడు చెయ్యి ఎత్తేశాడు.

"మాయమ్మ ఈడిదాకా గీయమనింది" అన్నాడు.

గంట కొట్టారు. వాడు డబ్బా అక్కడే పెట్టేసి క్లాసుకు పరిగెత్తాడు. అక్కడి నుంచి మా వాకిటికి ఇంకా మూరెడు నేల ఉంది. డబ్బా అడుగున మిగిలిన సున్నంతో ఆ మూరెడూ నేనే గీసుకున్నాను.