మొహాలు కనిపించే హాలు

మా మేనత్తను వెంటేసుకుని ఆమె కూతురి పెళ్లికి హాళ్లు చూడటమంటే కోరి తలనొప్పిని బండెక్కించుకోవడమే. ఒకచోట వంటగది దూరం, ఇంకోచోట మెట్లు జారుడు. అన్నీ సాకులే!

అసలు సంగతి వేరు. అత్తకు చెవుడు. బట్టల మిల్లులో మగ్గాల మధ్య పనిచేసి పనిచేసి వినికిడి పోయింది. ఆ షెడ్డు హోరులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా, పెదాలు మాత్రం బాగా కదుపుతూ, ఆ మూల నుంచి ఈ మూలకు ముచ్చట్లు చెప్పుకునేవారు. ఇప్పుడు ఆమెకు చెవులంటే ఆ అలవాటే. చెవి మిషన్ పెట్టుకోమంటే, "మళ్లీ మిల్లులో కూర్చున్నట్టుందిరా" అని తీసి డబ్బాలో పడేసింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఎంత టకటకా జవాబిస్తుందంటే, ఆమెకు వినపడదన్న సంగతి కన్నకూతురే మరిచిపోతుంది.

బండి మీద వెనక కూర్చుంటే ఆమె చెప్పడమే, నేను వినడమే. బదులివ్వాలంటే బండి ఆపి వెనక్కి తిరగాలి. అలా ఒకసారి ఆపి గట్టిగానే అడిగాను. "అత్తా, నీకు ఏ హాలు నచ్చుతుందో చెప్పి చావు!"

"దీపాలన్నీ పెళ్లివాళ్ల వెనకే పెడుతున్నార్రా. మొహాలు నల్లగా ఉంటాయి. అది అందరి ముందూ నిలబడి పెళ్లి ప్రమాణం చేసి మాటిచ్చేటప్పుడు ఏమందో నాకెలా తెలుస్తుంది? ఉన్నది ఒక్కగానొక్క పిల్ల."

"ఆ ముక్క దానికే చెప్పొచ్చుగా?"

"చెప్పావంటే ఊరుకోను. చెరువు పక్క హాలు మీద మనసు పడింది పిచ్చిమొహంది."

మా మరదలు మనసు పడితే ఇక అంతే. వరసకు బావనే గానీ, నాకు అప్పటికే పెళ్లయిపోయింది కాబట్టి బతికిపోయాను.

చివరికి అందరం ఆ చెరువు పక్క హాలుకే వెళ్లాం. అత్త తోడుగా మిల్లు స్నేహితురాలిని తీసుకొచ్చింది. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆమెను అందరూ బొంగరం అంటారు. మేనేజరు నీలం దీపాలు, గులాబీ దీపాలు వేసి చూపిస్తున్నాడు. మరదలు వేదికెక్కి మురిసిపోతోంది. అత్త గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడింది. బొంగరం ఎప్పుడు వెళ్లిందో, హాలు ఆ చివర తేలింది. ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి. నాకేం అర్థమవుతుంది, నా మొహం! అత్త పక్కనే నిలబడి మేనేజరుతో బాడుగ సంగతి మాట్లాడుతున్నాను.

వేదిక మీద మరదలు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మా, ఏమన్నావ్?"

అత్త కళ్లు చికిలించి చూసింది. నా చెయ్యి గిల్లింది. "ఏమంటోందిరా? కనపడట్లేదు."

ఆ మాట మరదలికి స్పష్టంగానే వినిపించింది. గబగబా దిగొచ్చి తల్లికి ఎదురుగా, వెలుతురులో నిలబడింది.

"'దాని మొహం నాకు కనపడకపోతే మానె, ముచ్చట తీరనీ' అన్నావా లేదా?"

అత్త గబుక్కున చేత్తో నోరు మూసుకుంది. గొంతు లేకుండా మాట్లాడితే పిల్లకు తెలియదనుకుంది. ఊయల్లో ఉన్నప్పటి నుంచి ఆ పెదాలు చూస్తూ పెరిగిన పిల్లకు తెలియదట!

"నీకు తెలియకుండా నేను ఎవరికి మాటివ్వాలే?" అంటూ ఏడ్చేసింది మరదలు. తర్వాత ముక్కు తుడుచుకుని మేనేజరు వైపు తిరిగింది. "ఈ హాలు మాకొద్దండి."

పెళ్లి మిల్లు వెనక స్కూలు హాల్లో, పట్టపగలు జరిగింది. వేదికకు ఎదురుగా నిలువెత్తు కిటికీలు. గోడలకు మాత్రం వాంతి వచ్చే పచ్చరంగు. "బావా, ఫొటోల్లో గోడ పడిందో, నీ పని చెప్తా" అని ఫొటోలు తీసే నన్ను బెదిరించింది మరదలు.

అత్త ముందు వరసలో కూర్చుంది. పక్కనా వెనకా మిల్లు ఆడవాళ్లు. పెళ్లికొడుకు మాటిచ్చాడు. మరదలూ ఇచ్చింది. అత్త ఒక్క ముక్క వదలకుండా కూతురి పెదాల వైపే చూసింది. అంతా అయ్యాక మరదలు తల్లి వైపు తిరిగి ఏదో అంది, గొంతు లేకుండా. అత్త కూడా అలాగే ఏదో అంది.

మిల్లు ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. మగపెళ్లివారు బిత్తరపోయి మా వంక చూశారు. నాకు ఒళ్లు మండింది. అంత నిశ్శబ్దంలో ఏం చూసి నవ్వుతున్నారు వీళ్లు? బొంగరాన్ని మోచేత్తో పొడిచాను.

"ఏమందే అది?"

"'ఏడవకే అమ్మా, ఇక్కణ్ణుంచి నీ ఏడుపు మొహం బాగా కనపడుతోంది' అంది."

"మరి అత్త?"

బొంగరం కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"'నీదీ కనపడుతోందే' అంది."