పన్నెండో నంబరు గారు

మా ఊరికి ఎవరూ ఉండిపోదామని రారు. చుంఫోన్ అంటే రైలు దిగి పడవ ఎక్కేవాళ్ళ ఊరు. రైలుకీ పడవకీ మధ్య కాసేపు నడుం వాల్చడానికి స్టేషను ఎదురుగా మా లాడ్జి ఉంది. మా మామగారు కట్టించింది. గదికో మంచం, ఒక ఫ్యాను, రైలు పట్టాల వైపు తెరుచుకునే కిటికీ. ఏసీ లేదా అని అడిగే తెల్లవాళ్ళకి నేను కిటికీ చూపిస్తాను. నా పేరు ముయ్. ముయ్ అక్క నోరు మంచిది కాదని వీధంతా అంటుంది. నిజమే. లాడ్జి నడిపేదానికి నోరు మెత్తగా ఉంటే తువ్వాళ్ళు మిగలవు.

ఆ లాడ్జిలో ఇరవై ఏళ్ళకి పైగా గదులు ఊడ్చి పక్కలు మార్చిన మనిషి లమై. ఆమెది రేవు పక్కన బెస్తపల్లె. పెళ్ళైన కొత్తలోనే పెద్ద తుఫాను వచ్చి, మొగుడు ఎక్కిన పడవ తిరిగిరాలేదు. మిగతా వాళ్ళ శవాలన్నా కొట్టుకొచ్చాయి. అతనిది అదీ రాలేదు. మాలో మనిషి ఇంటికి దూరంగా పోతే, అయినవాళ్ళు ఆ పోయిన చోటికే వెళ్ళి అగరొత్తి వెలిగించి, పేరు పెట్టి పిలిచి, ప్రాణాన్ని వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. లేకపోతే పాపం అది దారి తెలియక అక్కడే నిలబడి ఉంటుంది. లమై ఎక్కడికని వెళ్ళి పిలుస్తుంది? ఒడ్డున నిలబడి గొంతు పోయేదాకా పిలిచిందట. ఆ తర్వాత మా లాడ్జికి వచ్చి పని అడిగింది. అప్పటికి ఆమె గొంతు ఇంకా సరిగా రాలేదు. మూగదాన్ని పెట్టుకున్నావని మా ఆయన నన్ను వేళాకోళం చేశాడు.

మూగదాని నోరు విప్పించింది సనాన్. రబ్బరు చెట్లకి గాట్లు పెట్టే కత్తులు, సానరాళ్ళు అమ్ముకునే మనిషి. ఎక్కడో ఉత్తరాన నఖోన్ పథోమ్‌లో ఇల్లు. నెలకోసారి రైల్లో దిగి, రెండు రోజులుండి తోటల వెంట తిరిగి వెళ్ళేవాడు. ఎప్పుడూ పన్నెండో నంబరు గదే. మా దగ్గర గెస్టులకి పేర్లుండవు, నంబర్లే. అందరం అతన్ని పన్నెండో నంబరు గారు అనేవాళ్ళం. లమై ఇంకా కురచ చేసి పన్నెండుగారూ అనేది.

ఒకరోజు మేడమీద లమై ఉతికిన దుప్పట్లతో కుస్తీ పడుతోంది. పెద్ద దుప్పటి ఒక్కరే మడతపెట్టడం ఎంత చిరాకో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలికి ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస ఎగిరిపోతుంది. ఇతను సిగరెట్టు కాల్చుకోవడానికి పైకొచ్చి కాసేపు చూశాడు.

"ఇటివ్వు, అవతలి కొస నేను పట్టుకుంటా."

"మీరు గెస్టు. గెస్టులు దుప్పట్లు మాపాలి గానీ మడతపెట్టకూడదు."

"నేనేం మాపానని?"

"దిండు గలీబు వెళ్ళి చూసుకోండి. ఆ తలనూనెకి మీ తలకాయ బొమ్మ పడుతుంది. నెలకోసారి మీ బొమ్మ తోమలేక చస్తున్నా."

అతను పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కొస అందుకున్నాడు. నేను నీళ్ళ ట్యాంకు పక్కనే ఉన్నాను. లమై కూడా నవ్వడం అదే మొదటిసారి చూశాను. అప్పటినుంచి అతను వచ్చినప్పుడల్లా దుప్పట్లు మడతపెట్టడం ఇద్దరి పని అయింది. తెల్లారగానే స్టేషను ముందు కొట్లో కాఫీ పోయించి, ప్లాస్టిక్ సంచికి రబ్బరు బ్యాండు వేయించి తెచ్చి అతని తలుపు తట్టేది. అంతకు మించి ఏం జరిగిందో నాకు తెలియదు. గదుల తాళాలన్నీ నా మొలలోనే ఉన్నా తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు. అతనికి పెళ్ళాం ఉందని లమైకీ తెలుసు. కాఫీ కొట్టువాడు మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఏం లమై, ఈ నెల నీ పన్నెండు రాలేదేం?"

"రాకపోతే నీకేం బాధ? నువ్వొచ్చి పడుకో, అద్దె కట్టి."

జుట్టు నెరిసేదాకా ఇలాగే గడిచిపోయింది. మొన్న వానలు మొదలయ్యాక ఒక పొద్దున లమై కాఫీ పట్టుకుని పైకి వెళ్ళింది. తలుపు తట్టిన చప్పుడు కింద నాకు వినబడింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ. ఆ తట్టడంలోనే నాకు తెలిసిపోయింది. తాళం చెవి తీసుకుని మెట్లెక్కాను. నిద్రలోనే పోయాడు. ముఖం ప్రశాంతంగానే ఉంది. లమై ఏడవలేదు. చేతిలో సంచి అలాగే పట్టుకుని నిలబడింది.

ఆసుపత్రివాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. అతని కొడుకు అక్కడికే వచ్చి, అక్కణ్ణుంచే వ్యాన్‌లో శవాన్ని ఊరికి తీసుకుపోయాడు. మా లాడ్జి గుమ్మం తొక్కలేదు. లమై ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. అతనికి తనేమవుతుందని చెప్పి లోపలికి పోతుంది? నాకైతే ఆ రోజు అందరిమీదా కోపం వచ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక కాఫీ కొట్టువాణ్ణి తిట్టాను.

ఆ గది ఎవరికీ ఇవ్వొద్దని లమై అడిగింది. కొన్నాళ్ళే కదా అని ఊరుకున్నాను. ఒకరోజు తలుపు తీసి చూస్తే కిటికీ గట్టు మీద గ్లాసులో కాఫీ, దానికి చీమలు. పక్క మార్చలేదు. దిండు మీద నూనె మరక అలాగే ఉంది. లమైని పిలిచాను.

"ఎవరికే ఇది?"

"పన్నెండుగారికి."

"పెట్టావు సరే. ఏమని చెప్పి పెట్టావు?"

లమై గ్లాసు చుట్టూ చీమల్ని తుడవసాగింది.

"లమై, నిన్నే. ఏం చెప్పావు ఆయనకి?"

"ఎక్కడికీ వెళ్ళొద్దన్నాను."

పోయినవాళ్ళని అలా ఉండమనకూడదు. ఉండమంటే ఉండిపోతారు. పుణ్యం అందదు, మరో జన్మ ఉండదు.

"పిచ్చిదానా! ఆ మనిషికి ఇల్లుంది, వాకిలుంది. ఈ ఫ్యాను కింద దెయ్యమై పడి ఉండమంటావా?"

"బతికుండగా నెలకి రెండ్రోజులే కదక్కా నాకు దక్కింది. ఇప్పుడన్నా ఉండనీ."

తాళం చెవి ఆమె చేతిలోనే పెట్టి కిందికి వచ్చేశాను.

వానలు తెరిపిచ్చాక ఒక పికప్ బండి వచ్చి ఆగింది. సనాన్ పెళ్ళాం పెన్సీ, కొడుకు తోంగ్ దిగారు. పెన్సీ పొట్టి మనిషి, నల్ల బట్టల్లో ఇంకా చిన్నగా కనిపించింది. చెప్పులు విడిచి, నాకు చేతులు జోడించి, మెల్లగా చెప్పింది.

"దహనం అయ్యింది, అన్నీ అయ్యాయి. కానీ రోజూ కల్లోకి వస్తున్నాడండీ. స్టేషన్లో సంచి పట్టుకుని నిలబడతాడు. రైలొస్తుంది, ఎక్కడు. ఆ గది చూపిస్తే పిలుచుకుపోతాం."

గుడి నుంచి భిక్షువుని పిలిపించాను. లమై చీపురు పట్టుకుని వసారాలోనే నిలబడింది. నేను లమై వైపు చూడలేదు. చూస్తే నా ముఖంలో అంతా కనబడుతుందని భయం. భిక్షువు మంత్రాలు చదివి వెళ్ళిపోయాక పెన్సీ అగరొత్తి వెలిగించి మంచం ముందు కూర్చుంది.

"తోంగ్ వాళ్ళ నాన్నా, సనాన్, నేనొచ్చాను. ఇంటికి పోదాం రా."

వస్తాడో లేదో తెలియడానికి రెండు నాణేలు ఎగరేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే వస్తున్నట్టు. రెండూ బొమ్మలే పడ్డాయి. మళ్ళీ పిలిచి మళ్ళీ వేసింది. రెండూ బొరుసులే. మూడోసారి వేసింది. మళ్ళీ అంతే.

"అమ్మా, ఈ నేలే సరిగా లేదు" అన్నాడు తోంగ్ విసుగ్గా.

"మా నేలకేం నాయనా, బాగానే ఉంది" అన్నాను నేను ఊరుకోలేక.

పెన్సీ నాణేలు ఏరుకోలేదు. కిటికీ గట్టు మీది కాఫీ గ్లాసు వైపు చూసింది. ఆ పూట పోసిందే, ఇంకా చీమలు పట్టలేదు. అప్పుడు ఆమె ముఖం పూర్తిగా పడిపోయింది.

"ఇక్కడ ఎవరన్నా ఆయన్ని ఉండమన్నారా? కోపం కాదమ్మా, అడుగుతున్నాను. రోజూ గుమ్మంలో ఆయన చెప్పులు పెట్టి కూచుంటున్నాను. రాడు. ఇలా ఎన్నాళ్ళు చూడను?"

చీపురు నేలమీద పడిన చప్పుడు అయింది. లమై లోపలికి వచ్చింది. ఒడ్డున నిలబడి గొంతు పోగొట్టుకున్న మనిషికి ఈ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి కాఫీ బయట పారబోసింది. తర్వాత మంచం వైపు తిరిగింది.

"పన్నెండుగారూ, ఇక కాఫీ తేను. ఇవాళ్టితో ఆఖరు. ఈ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారు. మీ దిండు గలీబు ఉతికి పారేస్తున్నాను, ఇన్నాళ్ళూ దాన్ని చూస్తేనే రోత. దుప్పట్లు మడతపెట్టడానికి నాకెవరూ అక్కర్లేదు. మీ ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది. సిగ్గులేకుండా ఇంకా ఇక్కడే కూచుంటారా? లేవండి. ఇంటికి పొండి."

ఒక్కో మాటా గొంతులోంచి లాగి బయటపడేసింది. దిండు గలీబు ఊడదీసి చంకలో పెట్టుకుంది. పెన్సీ నాణేలు ఏరి ఎగరేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

పెన్సీ లమైనే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు చెంప మీద ఒకటిస్తుందేమో అనుకున్నాను. ఇచ్చినా తప్పు పట్టలేను.

"మా ఇంట్లో కూడా దుప్పటి అవతలి కొస ఆయనే పట్టుకునేవాడు" అంది చివరికి. "మగాడికి ఇంత చక్కటి మడత ఎలా వచ్చిందా అనుకునేదాన్ని."

లమై తల ఎత్తలేదు. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో నాకే తెలియలేదు, ఆమెకేం తెలుస్తుంది?

బయల్దేరేటప్పుడు పెన్సీ మళ్ళీ లమై దగ్గరికే వచ్చింది. దారిలో వంతెన వచ్చినప్పుడల్లా నీళ్ళలో నాణెం వేసి పోయినవాళ్ళకి చెప్పాలి కదా, చెప్పకపోతే నీళ్ళు దాటలేక వెనకబడిపోతాడు. ఈ ఊరి వంతెనలు తమకి తెలియవట.

"పెద్ద రోడ్డు దాకా నువ్వు రా. నీ మాటైతే వింటున్నాడు."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. లమై పికప్ వెనక ఎక్కి పెన్సీ పక్కన కూర్చుంది. తిరిగి తీసుకురావడానికి నేను స్కూటర్ మీద వెంటే వెళ్ళాను. అగరొత్తి ఆరిపోకూడదని తోంగ్ బండి మెల్లగా నడిపాడు. మార్కెట్ వెనక కాలువ వచ్చింది.

"పన్నెండుగారూ, వంతెనండీ" అంది లమై.

"అట్లా కాదు. పేరు పెట్టి పిలవాలి. గారూ గీరూ అంటే ఎవరినో అనుకుంటాడు" అంది పెన్సీ.

ఇన్నేళ్ళలో లమై నోట ఆ పేరు నేను వినలేదు. ఎవరూ వినలేదు. లమై బండి రైలింగు పట్టుకుని పెదవులు తడుపుకుంది.

"సనాన్. వంతెన వచ్చింది. దాటు."

పెన్సీ వేసిన నాణెం కాలువలో పడింది. ఏటి మీది పెద్ద వంతెన దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది. వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా అరుస్తూనే ఉంది. "సనాన్! దాటు! ఆగకు సనాన్! ఇంటికి పో!" రోడ్డు మీద లారీలవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. స్కూటర్ నడపడానికి నాకు దారి కనబడటం లేదు.

వంతెన దాటాక బండి ఆగింది. లమై దిగింది. పెన్సీ దాని మణికట్టు పట్టుకుంది.

"నూరో రోజుకి వస్తావా? భోజనాలు పెడుతున్నాం."

"వద్దమ్మా. నన్ను చూస్తే మళ్ళీ నా వెనకే వచ్చేస్తాడు."

పెన్సీ చెయ్యి వదిలేసింది. పికప్ ఉత్తరం వైపు వెళ్ళిపోయింది. లమై అది వెళ్ళేవైపు చూడకుండా వచ్చి నా వెనక కూర్చుంది. దిండు గలీబు ఇంకా చంకలోనే ఉంది. స్కూటర్ తిప్పి మళ్ళీ వంతెన ఎక్కించాను. ఏదో ఒకటి అనాలి, దాన్ని ఏడిపించాలి, లేకపోతే నేను తట్టుకోలేను.

"ఏమే లమై, ఆ గలీబు..." అన్నాను.

వెనక నుంచి దాని చెయ్యి వచ్చి నా నోరు గట్టిగా మూసేసింది. చెయ్యంతా తడిగా ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది.

"నా పేరు పిలవకు అక్కా. వంతెన మీద ఉన్నాం. ఆయన ఇంకా ఎంతో దూరం పోలేదు, వింటాడు."