మేడిపల్లి అవతలి వాగు, అత్తమ్మ బాప్తిస్మం

మా అత్తమ్మ పారే నీళ్లలోనే బాప్తిస్మం తీసుకుంటానని పట్టుబట్టకపోతే నేను ఆ అడవి దారి పట్టేదాన్నే కాదు. తొంభైల మొదట్లో మేం చిల్కానగర్‌లో ఉండేవాళ్లం. నేను నాచారంలో నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో కెమిస్టుని, ఆ ఇంటికి కొత్త కోడలిని. అత్తమ్మకు షుగర్. కుడి కాలి బొటనవేలి దగ్గర పుండు ఎంతకూ మానడం లేదు. ముదిరితే వేలు తీసేయక తప్పదని డాక్టరు చెప్పేశాడు. ఉప్పల్ పక్కన పారే మూసీ సంగతి ముక్కున్న ప్రతివాళ్లకూ తెలుసు. అందుకే మా చర్చి వాళ్లు వానలు వెనకబట్టాక మేడిపల్లి దాటి, మూసీలో కలిసే ఒక అడవి వాగుకు వెళ్లేవారు.

ఆదివారం బాప్తిస్మమనగా, ఆ నీళ్లు పరీక్షించి చూద్దామని బుధవారం పొద్దున్నే నేనొక్కదాన్నే బయల్దేరాను. ఉప్పల్ రింగ్ రోడ్డులో ఘట్‌కేసర్ బస్సెక్కి మేడిపల్లి దాటాక దిగాను, టికెట్టు చిల్లరతో సరిపోయింది. అక్కడినుంచి సీతాఫలం చెట్ల మధ్య అరగంట నడక. వాగు మోకాలి లోతున గలగలా పారుతోంది. మరిగించి ఆరబెట్టిన సీసాల్లో నీళ్లు పట్టి, ఐసు డబ్బాలో సర్ది, మధ్యాహ్నంలోపే నాచారం చేర్చాను. ఆలస్యమైతే సీసాలోనే సూక్ష్మజీవులు పెరిగి పరీక్ష పనికిరాకుండా పోతుంది. శుక్రవారం ఫలితం వచ్చింది, నీళ్లు బాగున్నాయి. అయ్యగారికి, అంటే మా పాస్టరుకు, ఆ మాట చెప్పాను. అత్తమ్మ కాలికి కట్టు మీద పాల కవరు బిగిస్తే చాలనుకున్నాను.

ఆదివారం తెల్లవారగానే అద్దె డీసీఎం వ్యానులో అందరం ఎక్కాం. మేడిపల్లి దాటగానే డ్రైవరు యాదయ్య వెనక్కి తిరిగి, "అక్కా, జర గట్టిగ పట్టుకోండ్రి. గీడికెల్లి రోడ్డు లేదు, అన్ని గుంతలే" అని కేకేశాడు. పాటలు పాడుతూనే వాగు చేరాం. దిగి చూశాను. నీళ్లు కదలడం లేదు. మనిషి మునగాలంటే లోతుండాలి కదా, ముందురోజు సాయంత్రం చర్చి కుర్రాళ్లు ఇసుక బస్తాలు అడ్డంగా వేసి కట్ట కట్టేశారు. ఏటా అలాగే చేస్తారట. నాకు అదే మొదటిసారి, ఎవరూ చెప్పలేదు.

వాగు వెంట పైకి పరుగెత్తాను. మలుపు దగ్గర ఆ ఏడే పెట్టిన కోళ్ల ఫారం ఉంది. దాని వెనక పెంటకుప్ప. నిలిచిన నీళ్లు వెనక్కి తన్ని ఆ కుప్పలోకి ఎక్కాయి, ఈకలు తేలుతున్నాయి. కింద పాట మొదలైంది. వెనక్కి ఉరికాను.

"అయ్యగారూ, ఎవ్వర్నీ దించకుండ్రి!"

"నీళ్లు మంచిగున్నయని నువ్వే జెప్పినవ్ గదమ్మా?"

"నేను జెప్పింది పారేటి నీళ్ల సంగతి. మీరు కట్ట గట్టేసరికి కోళ్ల పెంటంత గీ నీళ్లల్ల కలిసింది!"

"ఏటేటా గిట్లనే కడతం. ఎవ్వరికేమైంది?" అన్నాడు చర్చి పెద్ద ఒకాయన. మళ్లీ పరీక్ష చేసి చూపించాలంటే రెండు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు చూపడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు.

ఇంతలో తెల్లచీరలో ఒడ్డు రాతి మీద కూర్చున్న అత్తమ్మను చూశాను. పాల కవరు, కట్టు రెండూ విప్పేసింది. "కాలు కవర్ల వెట్టి మునుగుడేంది? సగం బాప్తిస్మమా?" అంటూ పచ్చి పుండున్న పాదాన్ని నీళ్లలోకి చాచింది. నేను బురదలో మోకాళ్ల మీద పడి ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇడువు!"

"ఇడువ అత్తమ్మా. నీ కాలు కోస్తుంటే నేను సూడలేను." అందరి ముందూ ఏడ్చేశాను.

అయ్యగారు చెప్పులు విడిచి, నీళ్లలోకి దిగి, మొదటి బస్తా తనే లాగారు. వెంటనే యాదయ్య దూకాడు. ఆ తర్వాత మేమంతా ఫారం దాటి ఇంకా పైకి, రాళ్ల మీదుగా నీళ్లు పారే చోటికి నడిచాం.

"మోకాలి లోతుల ఎట్ల ముంచుడు?" అయ్యగారికి అదే బెంగ.

"పండుకుంట. పండుకుంటే మునగనా?" అంది అత్తమ్మ, నా మొహం చూడకుండానే.

నేను మళ్లీ కట్టు కట్టి, దాని మీద కవరు తొడగబోయాను. ఆవిడ పాదం వెనక్కి లాక్కుంది. అయ్యగారు నవ్వారు. "చీర గట్టుకోనే మునుగుతున్నవ్ గదమ్మా, కవరు గట్టుకుంటే తప్పేంది?" అత్తమ్మ కాలు నా ఒళ్లో పెట్టింది.

ఆ ఆదివారం కట్ట తీసేముందు నేను పట్టుకొచ్చిన సీసాడు నీళ్ల ఫలితం మంగళవారం వచ్చింది. ఆ నీళ్ల నిండా పెంటలోని సూక్ష్మజీవులే. పరీక్ష సీసాలోని నీళ్ల గురించే చెబుతుంది, రేపు మనుషులు వాగును ఏం చేస్తారో దానికెలా తెలుస్తుంది? మీరూ ఏ వాగులోనో దిగాలనుకుంటే, దిగే రోజునే ఒడ్డు వెంట పైకి కొంతదూరం నడిచి చూసి రండి. పుండు మానడానికి మరో రెండు నెలలు పట్టింది. అత్తమ్మ పోయేదాకా చర్చికి పది వేళ్లతోనే నడిచి వెళ్లింది.